అడ్డుమాటల మీరా సాహెబు

మా మీరా సాహెబు సంగతి చెప్పాలంటే ముందు నా సంగతి కాస్త చెప్పుకోవాలి. బందరులో విత్తనాల కొట్టులో గుమాస్తాని. అది పొట్టకూటికి. సభల్లో మాత్రం నా పని పూలు విసరడం. అవధానం చేసే పండితుడి వెనక కూర్చుని, ఆయన పద్యంలో పూర్తిగా మునిగిపోయిన సమయం చూసి, వీపు మీదికి ఒక్కో బంతిపువ్వు విసురుతాను. ఎన్ని పూలు తగిలాయో చివర్లో ఆయన లెక్క చెప్పాలి. దీన్ని పుష్పతాడనం అంటారు. పద్యం రాయడం రానివాడికి, పద్యం గురించి అడగడం కూడా రానివాడికి సాహిత్యంలో దొరికే ఉద్యోగం ఇదొక్కటే. ఎవరు నవ్వినా సరే, నేను దాన్ని చాలా శ్రద్ధగా చేశాను.

మీరా సాహెబు ఉద్యోగం ఇంకా విచిత్రం. అవధానంలో చుట్టూ పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకాయన సమస్య ఇస్తాడు, ఒకాయన ఫలానా అక్షరం రాకూడదంటాడు, ఒకాయన వర్ణన అడుగుతాడు. అవధాని ఒక్కొక్కరికీ ఒక్కో పాదం చెబుతూ చుట్టూ తిరిగి, కాగితం ముట్టుకోకుండా అన్ని పద్యాలూ బుర్రలోనే మోసి, ఆఖర్న అన్నిటినీ వరసగా అప్పజెప్పాలి. ఆ అప్పజెప్పడమే ధారణ. ఇంత అవస్థలో ఉన్న మనిషి పక్కన మన పెద్దలు ఇంకొకణ్ణి కూర్చోబెట్టి, "నీకు తోచిందల్లా మాట్లాడి అడ్డుపడుతూ ఉండు నాయనా" అని పురమాయించారు. ఆ అడ్డుపడేవాడే అప్రస్తుత ప్రసంగి. మామూలుగా సభలో అల్లరి చేసేవాణ్ణి మెడపట్టి బయటికి గెంటుతారు. మనవాళ్ళు కుర్చీ వేసి, తాంబూలం ఇచ్చి మరీ కూర్చోబెట్టారు. మన పెద్దలు చేసిన పనులన్నీ నాకు నచ్చవు గానీ ఈ పని మాత్రం పూర్తిగా నచ్చింది.

మీరా సాహెబుది చిలకలపూడి. గిల్టు నగల పని. రాగి మీద బంగారు రేకు ఎక్కించి, మెరుగు పెట్టి, గాజులూ గొలుసులూ చేసేవాడు. "ఇది మోసం కాదు బావా, అందరికీ తెలిసిన అబద్ధం" అనేవాడు నాతో. పొట్టి మనిషి, బుగ్గన ఎప్పుడూ వక్కపలుకు, గొంతు మాత్రం రేవులో అవతలి ఒడ్డుకి వినపడేంత. చేతులు పని చేస్తున్నంతసేపూ నోరు కూడా పని చేస్తూనే ఉండేది. కుంపటితో మాట్లాడేవాడు, పటకారుతో మాట్లాడేవాడు, మధ్యలో భార్య నాగూర్ బీ వంటింట్లోంచి ప్రతి మాటకీ అడ్డం కొట్టేది. "సభలో నేను పంతులుగారికి అడ్డం, ఇంట్లో ఈవిడ నాకు అడ్డం. లెక్క సరిపోయింది" అని నవ్వేవాడు.

అసలు ఈయన ఈ కుర్చీలోకి ఎలా వచ్చాడంటే, అదీ అడ్డుపడే వచ్చాడు. చిలకలపూడిలో ఒకసారి కోదండరామయ్యగారి అవధానం జరుగుతోంది. కోదండరామయ్యగారు గుడివాడలో హైస్కూలు తెలుగు మేష్టారు, కాపురం పెదపారుపూడిలో. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి, కోపం తక్కువ, భయం కాస్త ఎక్కువ. ఆ రోజు అప్రస్తుత ప్రసంగం చెయ్యాల్సిన వకీలుగారికి జ్వరం వచ్చింది. అడ్డుపడేవాడు లేడు కదా అని సభ నున్నగా సాగిపోతోంది, నాకు నిద్ర ముంచుకొస్తోంది. అప్పుడు వెనకనుంచి ఒక గొంతు లేచింది.

"పంతులుగారూ, మొదటి పాదంలో వెన్నెల కాసిందన్నారు, రెండో పాదంలో గొడుగు తెరిచారు. వెన్నెల్లో గొడుగెందుకండీ?"

అందరూ వెనక్కి తిరిగి ఉష్ ఉష్ అన్నారు. కోదండరామయ్యగారు మాత్రం తడుముకోకుండా అన్నారు: "మంచు కురుస్తోంది సాహెబుగారూ. అక్కడ మీ మీద పడటం లేదా? అయితే ఇటొచ్చి నా పక్కన కూర్చోండి."

అలా వచ్చి కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. గుడివాడ, అవనిగడ్డ, బందరు, ఎక్కడ కోదండరామయ్యగారి అవధానం జరిగినా పక్కన మీరా సాహెబు, వెనక బంతిపూల బుట్టతో నేను. పండితుల్లో కొందరికి ఇది కంటగింపుగా ఉండేది. ఛందస్సు తెలియనివాడు అంత దగ్గర కుర్చీలో కూర్చోవడమేమిటని. నాకు ఒళ్ళు మండేది గానీ సాహెబు పట్టించుకునేవాడు కాదు. "నిజమే, నాకు యతి తెలియదు, ప్రాస తెలియదు. దోమ కుడితే మాత్రం తెలుస్తుంది" అనేవాడు.

దోమంటే గుర్తొచ్చింది. ఒకసారి బందరులో అశోకవనంలో సీతమ్మ దుఃఖం మీద పద్యం నడుస్తోంది. సభంతా కళ్ళు తుడుచుకుంటోంది. సాహెబు చేతి మీద దోమని చప్పున కొట్టి అడిగాడు: "పంతులుగారూ, అశోకవనంలో సీతమ్మవారిని దోమలు కుట్టేవాండీ?"

"కుట్టకేం! అందుకేగా ఆంజనేయస్వామి ఊరంతా పొగబెట్టి వచ్చాడు" అన్నారు కోదండరామయ్యగారు. నవ్వి నవ్వి నా బుట్టలో పూలన్నీ కింద పోసుకున్నాను. ఆయన మాత్రం ఆ నవ్వు ఆగేదాకా కళ్ళు మూసుకుని, వదిలిన పాదం దగ్గరికి మళ్ళీ వెళ్ళి, ఒక మాట మార్చుకుని, దుఃఖాన్ని ఎక్కడ వదిలారో అక్కడే అందుకున్నారు.

సాహెబు చెప్పేవన్నీ ఒప్పులని అనుకోకండి. చాలావరకు తప్పులే. ఒకసారి అవనిగడ్డ సభలో పద్యంలో కోకిల మావిడి చిగురు తిన్నదంటే, "పచ్చి అబద్ధమండీ. కోకిల పుట్టేది కాకి గూట్లో. కాకి పెంచిన పిల్ల కాకిలాగే చేపముక్క తింటుంది" అని వాదించాడు. కోదండరామయ్యగారు కవులంతా ఏనాటినుంచో అలాగే చెబుతున్నారన్నారు. అని, ఎందుకో ఆగిపోయారు. సభ అయ్యాక పడవ దిగుతూ నాతో అన్నారు: "పిచ్చేశ్వరరావుగారూ, కోకిల ఏం తింటుందో నేను ఎప్పుడూ చూడలేదండీ. ఎవరో చెప్పారు కదా అని అప్పజెబుతున్నాను, అంతే." మర్నాటినుంచీ ఆయన పెరట్లో వేపచెట్టు కింద మెడ పైకెత్తుకుని నిలబడ్డారట. ఆయన భార్య జానకమ్మగారు దిష్టి తగిలిందేమోనని ఎర్రనీళ్ళు కూడా తిప్పిపోశారు. కొన్నాళ్ళకి చిలకలపూడికి కబురు వచ్చింది: "నేనూ తప్పే, మీరూ తప్పే. పళ్ళు తింటోంది." ఆ కబురు విని సాహెబు గెలిచినంత సంబరపడ్డాడు. ఓడిపోయావు కదయ్యా అంటే, "నేను తప్పు మాట్లాడకపోతే ఆయన చెట్టు కిందకే వెళ్ళేవాడు కాదు కదా" అన్నాడు.

ఇలా హాయిగా నడుస్తున్న రోజుల్లో ఎమర్జెన్సీ వచ్చింది. మొదట్లో అది మాదాకా రాదనుకున్నాం. పద్యాల మీద ఎవరికి పగ? కానీ డెబ్భయ్యారులో గుడివాడ సాహిత్య సమితివాళ్ళు పెద్ద సభ పెట్టారు. దాని కార్యదర్శి ప్రకాశరావుగారు చెడ్డవాడు కాదు, కిరోసిన్ డీలరు. లైసెన్సు ఉన్న మనిషికి ఉండాల్సిన భయాలన్నీ ఉన్నాయి. సభకి జిల్లా అధికారులు వస్తున్నారు, ముందు వరసలో కూర్చుంటారు. ఈ సాహెబు నోటికి తాళం లేదు. ఏ మాటంటే ఏం మునుగుతుందోనని ఆయన రెండు బస్సులు మారి చిలకలపూడి వచ్చాడు.

"మీరు అడ్డుపడండి సాహెబుగారూ, వద్దనను. కాకపోతే ఏమని అడ్డుపడతారో ముందుగా రాసిచ్చెయ్యండి. నేను చూసి, చూపించాల్సినవాళ్ళకి చూపిస్తాను."

"తుమ్ము రాకముందే తుమ్మి చూపించమంటే ఎలాగండీ ప్రకాశరావుగారూ?" అన్నాడు సాహెబు. ప్రకాశరావుగారు నవ్వలేదు. వంటింట్లోంచి నాగూర్ బీ కూడా ఏమీ అనలేదు. ఆ రోజుల్లో ఎవరింటికి ఎవరొస్తున్నారో, ఎవరిని ఎందుకు తీసుకెళ్తున్నారో తెలియక అందరమూ గొంతు తగ్గించే మాట్లాడుతున్నాం. కుంపటి పక్కన కూర్చుని సాహెబు ఏవో కొన్ని చెప్పాడు, నేను రాసిపెట్టాను. వాటిలో చాలావరకు కొట్టేసి, బదులుగా వేరేవి రాసి పంపించారు.

గుడివాడ సభ నా కళ్ళకి కట్టినట్టుంది. హాలు నిండిపోయింది. పెళ్ళివారి పందిరిలా పూలదండలు. మొదటి ఆవృతం, అంటే మొదటి చుట్టు, సాగుతుండగా సాహెబు నించుని, చదువుకున్న పాఠంలా అడిగాడు: "పంతులుగారూ, ఈ మధ్య రైళ్ళు సమయానికి వస్తున్నాయి, విన్నారా?"

"విన్నాను" అన్నారు కోదండరామయ్యగారు.

ఆపైన ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. ముందు వరసలో ఒకాయన చప్పట్లు కొడితే అందరూ కొట్టారు. కాసేపటికి సాహెబు మళ్ళీ లేచి, "ఊరూరా మొక్కలు నాటుతున్నారు, చూశారా?" అన్నాడు. "చూశాను" అన్నారు ఈయన. మళ్ళీ చప్పట్లు. నా పూలు కూడా ఆ రోజు మెత్తగా పడ్డాయి.

అడ్డు లేదు కదా, అవధానం నీళ్ళలా పారింది. ఎక్కడా ఆగలేదు, తడుముకోలేదు. చివరికి ధారణ. అంతకుముందు ఒకరు కృష్ణకి వరదొచ్చిన వైనం అడిగారు, ఒకరు అత్తవారింట అడుగుపెట్టే కొత్త కోడలి వైనం అడిగారు. కోదండరామయ్యగారు గొంతు సవరించుకుని కొత్త కోడలి పద్యం ఎత్తుకున్నారు. మూడు పాదాలు చక్కగా వచ్చాయి. గడప దగ్గర సిగ్గుపడింది, తల వంచుకుంది, కుడికాలు ముందుకి పెట్టింది. నాలుగో పాదంలో గట్లు తెంచుకుని పొలాల మీద పడి పశువుల్ని ఈడ్చుకుపోయింది.

నేను పువ్వు పట్టుకుని అలాగే ఉండిపోయాను. మీరా సాహెబు నోరు తెరిచాడు. తెరిచిన నోటిని పక్కనుంచి ప్రకాశరావుగారు చూస్తున్నారు, ఆయన ముఖం తెల్లబోయి ఉంది. ఆ మాట కాగితం మీద లేదు. సాహెబు వక్కపలుకు మింగేసి నోరు మూసుకున్నాడు. ఆ వరసలో ఎంతమంది పండితులున్నారో! ఒక్కరూ పెదవి విప్పలేదు. పెద్దవాళ్ళు ముందు చప్పట్లు కొట్టారు, మిగతావాళ్ళూ కొట్టారు. శాలువా కప్పారు. శాలువాలంటే నాకు మొదట్నించీ పడదు, ఆ రోజుతో బొత్తిగా విరక్తి పుట్టింది.

తిరుగు బస్సులో కోదండరామయ్యగారు శాలువా ఒళ్ళో పెట్టుకుని, పిల్లాడిలా అడిగారు: "ఎలా ఉందండీ సాహెబుగారూ?"

"బాగుందండీ" అన్నాడు మీరా సాహెబు కిటికీలోంచి చూస్తూ.

ఆ మాటతో ఆయన ముఖంలో నవ్వు పోయింది. ఇన్నేళ్ళలో సాహెబు ఆయన పద్యాన్ని బాగుందని అనలేదు. ఎప్పుడూ ఏదో ఒక వంక. ఇంటికి వెళ్ళగానే జానకమ్మగారిని కూర్చోబెట్టి పద్యాలన్నీ మళ్ళీ చెప్పారట. కొత్త కోడలి దగ్గరికి రాగానే ఆవిడ బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి, "పశువుల్ని ఈడ్చుకుపోయిందేమిటండీ, ఎవరి కోడలు?" అన్నారట.

మర్నాడు శాలువా తీసి పెట్టెలో పెట్టారు. ఇక అవధానం చెయ్యనన్నారు.

ఇక్కడ సాహెబు సంగతీ చెప్పాలి. ఆయన ఇంట్లో కూడా మాట్లాడటం మానేశాడు. కుంపటితో లేదు, పటకారుతో లేదు. ఒకరోజు నేను వెళ్తే నాగూర్ బీ గుమ్మంలోనే పట్టుకుంది. "చూడన్నయ్యా, ఈయన మాట్లాడకపోతే నేను దేనికని అడ్డం చెప్పను? నాకు పొద్దు పోవడం లేదు. ఈయనకి పని సాగడం లేదు. నిన్న గాజుల జతలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది చేశాడు." లోపలికి వెళ్ళి ఏమైంది బావా అంటే పటకారు కింద పెట్టి అన్నాడు: "పైకి అంటేగానీ నేను ఏమనుకుంటున్నానో నాకే తెలియదు బావా. లోపలే అనుకుంటే అన్నీ కలగాపులగం అయిపోతున్నాయి. ఇంతకుముందు తప్పు మాట అన్నా, ఎవరో ఒకరు కాదంటే సరి చేసుకునేవాణ్ణి. ఇప్పుడు తప్పుందో ఒప్పుందో కూడా తెలియడం లేదు." అంత మాటకారి అలా అంటుంటే నాకు దుఃఖం వచ్చింది. పైకి మాత్రం గాజుల జత చూసి ఎగతాళి చేశాను.

మరుసటి ఏడు మార్చిలో ఎన్నికలొచ్చాయి, ఎమర్జెన్సీ పోయింది. బందరు ఒక్కసారిగా నోరు తెరిచింది. టీ కొట్టు దగ్గర, మంగలి షాపులో, బస్టాండులో, ఎక్కడ చూసినా వాదనలే. మా కొట్టులో వరి విత్తనం కొనడానికి వచ్చినవాళ్ళు విత్తనం మరిచిపోయి ప్రభుత్వాల గురించి పోట్లాడుకుని వెళ్ళిపోయేవాళ్ళు. సగానికి సగం పనికిమాలిన మాటలే. అయినా వినడానికి ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. సాహెబు కూడా మెల్లగా గొంతు సవరించుకున్నాడు. ఒకరోజు పని ఆపి లేచి, "పద బావా, పెదపారుపూడి వెళ్దాం. ఆయనకి చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది" అన్నాడు.

కోదండరామయ్యగారు వరండాలో కూర్చుని ఉన్నారు. సాహెబు మంచినీళ్ళు కూడా ముట్టుకోకుండా అన్నాడు: "పంతులుగారూ, ఆ రోజు మీ కోడలు గట్లు తెంచుకుందండీ."

"తెలుసు. జానకి చెప్పింది. మీరెందుకు చెప్పలేదు?"

"భయం వేసిందండీ."

ఆయన పక్కనున్న కుర్చీ సాహెబు వైపు జరిపారు. తర్వాత, "నాకూ అదే భయం సాహెబుగారూ, ఇంకో రకం" అన్నారు. "తప్పు పోయినందుకు కాదు, తప్పులు ఎవరికైనా పోతాయి. హాలంతా చప్పట్లు కొట్టింది చూశారూ, అందుకు. అందులో నాకంటే పెద్ద పండితులున్నారు. ఇక నా బుర్ర సరిగ్గా ఉందో లేదో నాకెలా తెలుస్తుంది? మీరు అడ్డొచ్చినప్పుడల్లా నేను పద్యాన్ని అక్కడ ఆపి, మీకు జవాబు చెప్పి, మళ్ళీ ఎక్కడున్నానా అని వెనక్కి వెళ్ళి చూసుకునేవాణ్ణి. ఆ చూసుకోవడమే నా ధారణ. అందరూ మీరు నన్ను చెడగొడుతున్నారనుకున్నారు, నేనూ కొంతవరకు అలాగే అనుకున్నాను."

సాహెబు ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. మేం లేస్తుంటే జానకమ్మగారు నాతో మెల్లగా, "ఆయన బళ్ళో పాఠం చెబుతూ కూడా, సరిగ్గా చెప్పానా అని పిల్లల్ని అడుగుతున్నారండీ" అన్నారు.

ఆ నవంబరులోనే ఉప్పెన వచ్చింది. దివిసీమ సంగతి నేను చెప్పక్కర్లేదు, చెప్పలేను కూడా. చాలాకాలం ఎవరికీ పద్యాలు గుర్తు రాలేదు. ప్రకాశరావుగారు మాత్రం ఆ ఊళ్ళకి లారీల్లో బియ్యం, కిరోసిన్ తీసుకెళ్ళి, బురదలో మోకాళ్ళ దాకా దిగి పంచారు. ఆయన మీద నాకున్న కోపం అప్పుడు సగం పోయింది. రెండో ఏడు, నాగాయలంక వైపు ఒక ఊరివాళ్ళు ఆయన్నే అడిగారట: "మాకు ఏడవడం ఎవరూ నేర్పక్కర్లేదండీ. నవ్వించేవాళ్ళెవరైనా ఉంటే పంపించండి. ఆ సాహెబుగారూ పంతులుగారూ జంటగా వచ్చేవారే, వాళ్ళయితే బాగుంటుంది."

ఈ మాట చెప్పాక కోదండరామయ్యగారు కాదనలేకపోయారు. వెళ్ళేముందు సాహెబుతో ఒక్క మాట అన్నారు: "చేతకాకపోతే నలుగురి ముందే చేతులెత్తేసి, ఆపైన జన్మలో పద్యం జోలికి రాను. కానీ చెప్పాల్సిన మాట మీరు మళ్ళీ మింగారంటే, మన స్నేహానికి అదే ఆఖరు." సాహెబు సరేనన్నాడు. పడవలో రేవు దాటుతున్నంతసేపూ ఒకరు అటు, ఒకరు ఇటు చూస్తూ కూర్చున్నారు. నేనొక్కణ్ణే బంతిపూల మీద నీళ్ళు చల్లుకుంటూ కూర్చున్నాను.

కొత్తగా కట్టిన తుఫాను షెల్టరు వరండాలో సభ. ఊరంతా చాపల మీద కూర్చుంది. ప్రకాశరావుగారు లేచి, ఇప్పుడు దేశంలో అందరికీ మాట్లాడే స్వేచ్ఛ వచ్చిందని దీర్ఘంగా ఉపన్యసించారు. తర్వాత అవధానం. కోదండరామయ్యగారు మొదటి ఆవృతం ఎలాగో దాటించారు. ద్రౌపదీ స్వయంవరం మీద ఒక పాదం చెప్పి, రెండోదానికి చాలాసేపు తడుముకున్నారు. సాహెబు ఇదే సమయమనుకున్నాడు.

"పంతులుగారూ, స్వయంవరంలో అర్జునుడు కొట్టిన చేపని తర్వాత ఏం చేశారండీ? దివిసీమలో అయితే పులుసు పెట్టేసేవారు."

"అది కొయ్యచేప. అర్జునుడు నీడ చూసి కొట్టాడు. మీరైతే వాసన చూసి కొట్టేవారు!" అన్నారు ఆయన.

చాపల మీదనుంచి లేచిన ఆ నవ్వు నేను ఇంతవరకు ఎక్కడా వినలేదు. ముసలివాళ్ళు, పసిపిల్లల్ని ఒళ్ళో వేసుకున్నవాళ్ళు, అందరూ. కోదండరామయ్యగారి భుజాలు తేలికపడటం వెనక కూర్చున్న నాకు స్పష్టంగా కనిపించింది. పాదం అందుకున్నారు, సాగిపోయారు.

వర్ణనకి కూర్చున్న బందరు పండితుడు సముద్రం మీద పద్యం అడిగాడు. ఆ ఊళ్ళో అది అడగొచ్చా అని నాకు ఒళ్ళు మండింది. కోదండరామయ్యగారు మొదటి పాదంలో సముద్రుణ్ణి అన్నదాత అన్నారు, రెండో పాదంలో పిల్లల్ని భుజాన మోసే తండ్రి అన్నారు. అంతలో చాపల మధ్యనుంచి ఒక ఆడమనిషి లేచి నిలబడింది. ఆవిడ పేరు సుబ్బులమ్మ అని తర్వాత తెలిసింది. ఇద్దరు పిల్లల్ని ఉప్పెన తీసుకుపోయింది.

"ఆపండి పంతులుగారూ. దాన్ని అంతలా పొగడకండి."

సభ బిగుసుకుపోయింది. ప్రకాశరావుగారు గబగబా వెళ్ళి, "తప్పమ్మా, పండితసభలో అలా మాట్లాడకూడదు, కూర్చో" అన్నారు. చుట్టుపక్కలవాళ్ళు ఆవిడ చీర కొంగు పట్టి లాగారు. ఆవిడ కూర్చోబోయింది. కోదండరామయ్యగారు పద్యం ఆపేశారు. కూర్చున్నచోటి నుంచి సగం లేచారు. ఇక ఆయన లేచి వెళ్ళిపోతారనుకున్నాను.

అప్పుడు మీరా సాహెబు లేచాడు. వక్కపలుకు ఉమ్మేసి వచ్చాడు ముందు.

"ప్రకాశరావుగారూ, ఆవిణ్ణి కూర్చోబెట్టకండి. ఇంతకుముందు ఒకసారి మీరు చూశారని నేను కూర్చున్నాను. ఈసారి కూర్చోను." గొంతు మామూలుగానే ఉంది, పెద్దగా లేదు. "అమ్మా, నిజం చెప్పాలంటే నాకు ఆ పద్యం నచ్చింది. నీ మాట తప్పని నా ఉద్దేశం. అయినా అది ఏమిటో పూర్తిగా వినకుండా తప్పని ఎలా అనను? ఇలా వచ్చి నా కుర్చీలో కూర్చుని చెప్పు."

ఆవిడ కుర్చీలో కూర్చోలేదు. దాని పక్కన నిలబడి చెప్పింది: "తిట్టమనడం లేదండీ. మా ఆయన ఇవాళ కూడా దాని మీదికే వేటకి వెళ్ళాడు. తండ్రి అన్నారే, అది మాత్రం కాదు. తండ్రయితే అలా చెయ్యడు."

"పొగడకుండా, తిట్టకుండా ఎలా చెప్పనమ్మా?" అన్నారు కోదండరామయ్యగారు. నిజంగానే తెలియక అడిగారు.

"అది మీరే చూసుకోండి. పండితులు మీరా, నేనా?"

ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు, ఆవిడ కూడా కొంచెం. కోదండరామయ్యగారు కళ్ళు మూసుకున్నారు. చెప్పిన పాదాలు వెనక్కి తీసుకోవడం అవధానికి పరువు తక్కువ. అయినా రెండూ వెనక్కి తీసుకుంటున్నానని సభకి చెప్పి, మొదటినుంచి మళ్ళీ కట్టుకొచ్చారు. సముద్రం తండ్రీ కాదు, శత్రువూ కాదు. మన పేర్లయినా తెలియని పెద్ద పొరుగువాడు. దానికి మనం తెలియకపోయినా, అది మనకి బాగా తెలిసి ఉండాలి. పద్యం ఇంకా బాగా ఉంటుంది, నాకు చెప్పడం రాదు.

ధారణ వచ్చింది. ద్రౌపది ద్రౌపది దగ్గరే ఉంది, సముద్రం సముద్రం దగ్గరే ఉంది. ఒక్క అక్షరం పక్కకి పోలేదు. నా పూల లెక్కతో సహా సరిగ్గా చెప్పి, చేతులు జోడించి నించున్నారు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఊరంతా సుబ్బులమ్మ వైపు చూస్తోంది. ఆవిడ ఆలోచించి ఆలోచించి, "ఇప్పుడు పరవాలేదు. కాకపోతే ఆ చివరి మాట నాకింకా నచ్చలేదు" అంది.

"తప్పు, చివరి మాటే అన్నిట్లోకీ బాగుంది" అన్నాడు మీరా సాహెబు.

"మీకేం తెలుసండీ, మీరు బందరువాళ్ళు!" అని చాపల మీదనుంచి ఇంకెవరో అందుకున్నారు. బందరు పండితుడు తన అభిప్రాయం చెప్పబోయాడు, ఎవరూ చెప్పనివ్వలేదు. ప్రకాశరావుగారు ఎవరిని ఆపాలో తెలియక, చివరికి తనూ ఏదో వాదించడం మొదలుపెట్టారు. కోదండరామయ్యగారు వేదిక దిగి వచ్చి చాప అంచున కూలబడ్డారు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను ఎన్నడూ చూడలేదు.

"ఒక్కొక్కరే, ఒక్కొక్కరే" అంటున్నారాయన, రెండు చేతులూ పైకెత్తి. "అందరిదీ వింటాను. నేనెక్కడికీ వెళ్ళడం లేదు."